ఇంజను వేడెక్కడం: అరకు, తూర్పు కనుమల ఘాట్ రోడ్లలో శీతలీకరణ లోపాలు, వాటి నిర్ధారణ

మోటారు వాహనపు ఇంజను ఉష్ణోగ్రత, తయారీదారు నిర్దేశించిన హద్దును దాటి పెరగడాన్ని ఇంజను వేడెక్కడం అంటారు. డ్రైవర్ల వాడుకలో ఇది ‘బండి హీటెక్కడం’, నీళ్లు పొంగితే ‘రేడియేటర్ మరగడం’. ఇంజను చుట్టూ తిరిగే కూలెంట్ ఉష్ణోగ్రత నేటి కార్లలో మామూలుగా 85 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అంతకు మించి పెరిగి నిలిచిందంటే, పుట్టే వేడికీ బయటకు పోయే వేడికీ మధ్య లెక్క తప్పిందని అర్థం. అరకు లోయ, పాడేరు, లంబసింగి, మారేడుమిల్లి వంటి కొండ ప్రాంతాల దారుల్లో ఈ ఇబ్బంది తరచుగా బయటపడుతుంది. తప్పు ఘాట్‌దని చాలామంది అనుకుంటారు. శీతలీకరణ వ్యవస్థ సక్రమంగా ఉన్న కారు ఈ ఎక్కుళ్లలో మరగదు. మైదానంలో దాగి ఉన్న లోపాన్ని ఎక్కుడు బయటపెడుతుంది, అంతే.

ప్రాంతం, రోడ్లు

అరకు లోయ విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వస్తుంది. విశాఖ నుంచి వచ్చే రోడ్డు శృంగవరపుకోట దాటి బొడ్డవర మీదుగా కొండల్లోకి ప్రవేశిస్తుంది. టైడా, డముకు, బొర్రా జంక్షన్, అనంతగిరి దాటి గాలికొండ వద్ద అరకు కంటే ఎత్తుకు చేరి, సుంకరమెట్ట మీదుగా లోయలోకి దిగుతుంది. అంటే అరకు వెళ్లే బండి అరకు ఎత్తుకు మించి ఎక్కి, తర్వాత కొంత దిగాలి.

ఇదే తరహా ఎక్కుళ్లు చోడవరం వైపు నుంచి పాడేరుకు, నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి, రంపచోడవరం నుంచి మారేడుమిల్లి మీదుగా చింతూరుకు వెళ్లే దారుల్లో ఉన్నాయి. సాలూరు నుంచి ఒడిశాలోని కోరాపుట్‌కు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి ఘాట్‌లో బరువు లారీలు ఎక్కువ. సంతలకు మనుషులను, సరుకును కలిపి మోసే సర్వీసు జీపులు, శీతకాలంలో బారులు తీరే పర్యాటకుల కార్లు, కాఫీ, అల్లం, పసుపు, కూరగాయలు దించే వ్యాన్లు ఈ దారులపై ఆధారపడి నడుస్తాయి.

పని తీరు: వేడి ఎటు పోతుంది

ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో స్థూలంగా మూడో వంతు చక్రాలను తిప్పడానికి, మూడో వంతు పొగతో బయటకు, మిగిలినది కూలెంట్‌లోకి, ఇంజను దేహం నుంచి గాలిలోకి పోతుంది. నీటి పంపు కూలెంట్‌ను సిలిండర్ల చుట్టూ, హెడ్ లోపల తిప్పుతుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు తెర్మోస్టాట్ రేడియేటర్ దారిని మూసి ఉంచుతుంది. సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల దగ్గర దానిలోని మైనం కరిగి వ్యాకోచించి దారి తెరుచుకుంటుంది. రేడియేటర్ సన్న గొట్టాల్లో పారే ద్రవం, రేకుల మధ్య దూరే గాలికి వేడిని అప్పగించి తిరిగి పంపుకు చేరుతుంది. బండి వేగంగా వెళ్తే ఆ గాలి దానంతటదే వస్తుంది. వేగం లేనప్పుడు ఫ్యాన్ లాగాలి.

ఘాట్ రోడ్డు చేసే మార్పు ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. మనుషులతో కలిపి 1,500 కిలోల బరువున్న కారు సమతలంపై గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లడానికి సుమారు 2 కిలోవాట్ల శక్తి చాలు. నూటికి ఆరు వంతుల వాలులో అదే వేగంతో ఎక్కడానికి 9 కిలోవాట్లకు పైగా కావాలి. ఇంజను మీద పని నాలుగైదు రెట్లు పెరిగింది, రేడియేటర్‌కు ఎదురయ్యే గాలి మాత్రం ఆ 30 కిలోమీటర్ల వేగంతోనే ఉంది. ఆ కారు మొత్తం 1,200 మీటర్లు ఎక్కితే చేసిన పని సుమారు 1.76 కోట్ల జౌళ్లు, అంటే అర లీటరు పెట్రోలులోని శక్తికి కాస్త ఎక్కువ. ఇంజను సామర్థ్యం నాలుగో వంతు అనుకుంటే, కేవలం ఎక్కడానికే రెండు లీటర్ల పైచిలుకు పెట్రోలు మండాలి. మిగిలిన మూడు వంతుల శక్తి వేడిగానే పోవాలి.

వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్ర తీరంతో పోలిస్తే సుమారు 9 శాతం తక్కువ. టర్బో లేని ఇంజను బలం దాదాపు అంతే తగ్గుతుంది, డ్రైవరు యాక్సిలరేటర్ మరింత తొక్కుతాడు. రేడియేటర్‌ను తాకే గాలి కూడా అంత పలచనిదే.

మూత, పీడనం, ఎత్తు

అరకు దారిలో మరిగిన బండిలో ముందుగా అనుమానించాల్సిన భాగం రేడియేటర్ మూత. చాలామంది చివర చూసే భాగం కూడా అదే. దాని అడుగున ఒక స్ప్రింగు, దాని కింద రబ్బరు వాషరు, నడిమధ్య బొత్తం అంత చిన్న కవాటం ఉంటాయి. స్ప్రింగు వ్యవస్థ లోపల సాధారణంగా 0.9 నుంచి 1.1 బార్ల అదనపు పీడనాన్ని నిలుపుతుంది. నడిమి కవాటం ఇంజను చల్లారేటప్పుడు తెరుచుకుని, రిజర్వు బాటిల్‌లోకి పోయిన కూలెంట్‌ను వెనక్కి రానిస్తుంది. ఇది ఇరుక్కుపోతే చల్లారిన బండిలో పైహోసు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తుంది. రబ్బరు ఎండి పగిలినా, స్ప్రింగు మెత్తబడినా పీడనం నిలవదు.

సముద్ర మట్టంలో 100 డిగ్రీలకు మరిగే నీరు 1,200 మీటర్ల ఎత్తులో సుమారు 96 డిగ్రీలకే మరుగుతుంది. మూత బాగుండి 0.9 బార్ల పీడనం నిలిస్తే అదే నీరు విశాఖలో 119 డిగ్రీల దగ్గర, గాలికొండ మీద 116 డిగ్రీల దగ్గర మరుగుతుంది. తేడా రెండు మూడు డిగ్రీలు మాత్రమే, దాన్ని ఏ బండైనా తట్టుకుంటుంది. మూత చెడి, లోపల వట్టి నీళ్లుంటే పరిస్థితి వేరు. ఎన్నో కార్లలో ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరగడం మొదలయ్యేది 95 నుంచి 100 డిగ్రీల మధ్య. అంటే ఫ్యాన్ అందుకునే లోపలే నీళ్లు మరగవచ్చు. మైదానంలో నెలల తరబడి ఏ సూచనా ఇవ్వని మూత ఘాట్ మీద ఒక్కసారిగా ఆవిరి చిమ్మడానికి ఇదే కారణం.

చరిత్ర

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల మోటారు బండిలో నీరు మరిగి ఆవిరవడం ద్వారానే ఇంజను చల్లబడేది. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు చేసిన ప్రయాణంలో దారి పొడవునా నీళ్లు పోసుకోవలసి వచ్చింది. 1901 నాటి 35 అశ్వశక్తి మెర్సిడెస్‌కు విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు రేడియేటర్ అమర్చాడు. నేటి రేడియేటర్లకు మూలం అది. ఫోర్డ్ మోడల్ టీ కార్లలో అత్యధికం పంపు లేకుండా, వేడి నీరు పైకి లేచే గుణంతోనే నడిచాయి.

భారతదేశంలో 1950ల చివర వచ్చి 2014 దాకా తయారైన అంబాసిడర్ కార్లు, అలాగే మహీంద్రా జీపులు ఇంజనుకు బెల్టుతో ముడిపడిన ఫ్యాన్ మీద ఆధారపడ్డాయి. ఇంజను నెమ్మదిస్తే ఫ్యాన్ కూడా నెమ్మదించేది. ఘాట్ ఎక్కే బండిలో నీళ్ల డబ్బా ఉండటం ఆ కాలంలో మామూలు. 1983లో మొదలైన మారుతీ 800తో ఇంజను వేగంతో సంబంధం లేని ఎలక్ట్రిక్ ఫ్యాన్ చిన్న కార్లలో సాధారణమైంది. దాంతో పాటే రిలే, ఫ్యూజు, సెన్సరు అనే కొత్త లోపాలు వచ్చాయి.

నిర్ధారణ: ఎప్పుడు వేడెక్కుతోంది

లోపాన్ని పట్టుకోవడానికి పనిముట్ల కంటే ముందు కావలసింది ఒక ప్రశ్నకు జవాబు: బండి ఏ పరిస్థితిలో వేడెక్కుతోంది? డముకు దగ్గర ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు వేడెక్కి, కదిలితే చల్లబడుతుంటే గాలి లాగే ఫ్యాన్‌లో లోపం. నిలబడ్డప్పుడు బాగుండి, ఎక్కుతున్నప్పుడు ఉష్ణోగ్రత చూపే ముల్లు మెల్లగా పైకి పోతుంటే రేడియేటర్ మూసుకుపోవడం, పంపు బలహీనపడటం, మూత చెడటం వంటివి అనుమానించాలి. బయల్దేరిన కొద్ది నిమిషాలకే, మైదానంలోనే ముల్లు ఎర్ర గీతకు చేరితే తెర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు, లేదా కూలెంట్ చాలా తగ్గి ఉండవచ్చు. ఎంత పోసినా మట్టం తగ్గుతూ, బయట ఎక్కడా తడి కనిపించకపోతే హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి.

కూలెంట్ మట్టం, కారడం. ఇంజను పూర్తిగా చల్లారాకే మట్టం చూడాలి. రిజర్వు బాటిల్‌లో గీతల మధ్య ఉన్నంత మాత్రాన రేడియేటర్ నిండుగా ఉన్నట్టు కాదు. మూత చెడితే బాటిల్ నిండుగానే ఉండి రేడియేటర్ ఖాళీ కావచ్చు. కారిన చోట ఆరిన కూలెంట్ తెల్లగానో, ఆకుపచ్చగానో, గులాబీగానో చార వదులుతుంది. హోసు క్లిప్పులు, రేడియేటర్ ప్లాస్టిక్ తొట్టికీ అల్యూమినియానికీ మధ్య అతుకు, పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం చూడాలి. పంపు సీలు అరిగితే నీరు ఆ రంధ్రం నుంచే కారుతుంది. కారులోని కార్పెట్ తడిసి అద్దాల మీద జిడ్డు ఆవిరి పడుతుంటే హీటర్ కోర్ కారుతోంది. కంటికి చిక్కని కారుడుకు చేతి పంపుతో పీడనం పెట్టే టెస్టర్ వాడతారు. మూత మీద రాసిన పీడనం మేరకు పెట్టి కొన్ని నిమిషాలు ఆగితే, కారే వ్యవస్థలో టెస్టర్ ముల్లు కిందికి జారుతుంది. అదే టెస్టర్‌తో మూతను కూడా విడిగా పరీక్షించవచ్చు.

ఫ్యాన్. ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాన్ వెంటనే తిరగాలి. ఏసీకి తిరిగి, ఇంజను వేడికి తిరగకపోతే ఉష్ణోగ్రత సెన్సరునూ దాని తీగనూ చూడాలి. దేనికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే, తర్వాత మోటారు. బ్యాటరీ కరెంటు నేరుగా ఇచ్చినా మోటారు కదలకపోతే అది కాలిపోయినట్టే. బొలెరో వంటి డీజిల్ బండ్లలో బెల్టు ఫ్యాన్‌కు జిగురు ద్రవంతో పట్టే క్లచ్ ఉంటుంది. ఇంజను ఆపి, బాగా వేడిగా ఉండగా ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూస్తే కొంత బిగువు తగలాలి. స్వేచ్ఛగా గిర్రున తిరిగితే క్లచ్ పోయింది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న కార్లలో ఈ పని చేయకూడదు. ఇంజను ఆపినా ఆ ఫ్యాన్ హఠాత్తుగా తిరగవచ్చు.

తెర్మోస్టాట్. ఇంజను వేడెక్కాక పైహోసు మండుతూ కిందిహోసు చల్లగా ఉంటే తెర్మోస్టాట్ తెరుచుకోలేదని, లేదా రేడియేటర్ మూసుకుపోయిందని అర్థం. విడదీసి వేడి నీళ్లలో ముంచి, థర్మామీటర్ పెట్టి ఏ డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందో చూస్తే తేలుతుంది. ఈ ప్రాంతపు సర్వీసు బండ్లలో తెర్మోస్టాట్‌ను పూర్తిగా తీసేసి నడపడం తరచు కనిపించే అలవాటు. కొన్ని ఇంజన్లలో తెర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే, రేడియేటర్‌ను తప్పించి కూలెంట్‌ను తిప్పే పక్కదారి మూసుకుంటుంది. తెర్మోస్టాట్‌ను తీసేస్తే ఆ దారి తెరిచే ఉండి కూలెంట్ కొంత రేడియేటర్‌కు పోకుండా తిరుగుతుంది, సమస్య పెరుగుతుంది. చలి ఉదయాల్లో ఇంజను తగిన వేడికి రాక మైలేజీ పడిపోవడం మరో నష్టం. తెర్మోస్టాట్ తీసేయడం మరమ్మతు కాదు.

రేడియేటర్. బయటి నుంచి మూసుకుపోవడం, లోపలి నుంచి మూసుకుపోవడం రెండూ వేర్వేరు. వానాకాలపు ఎర్ర బురద, ఆకులు, పురుగులు రేకుల మధ్య చేరతాయి. ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందు ఉంటుంది కాబట్టి, ముందు నుంచి శుభ్రంగా కనిపించే బండిలోనూ ఆ రెండింటి మధ్య చెత్త దట్టంగా పేరుకుని ఉండవచ్చు. వెనుక నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టాలి. ఎక్కువ ఒత్తిడికి రేకులు వంగి గాలి దారి మూస్తాయి. లోపల తుప్పు, సున్నం పొర పట్టిన రేడియేటర్‌లో కొన్ని గొట్టాలు చల్లగానే ఉండిపోతాయి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పై నుంచి కిందికి చూస్తే ఆ చల్లని మచ్చలు దొరుకుతాయి. పాత ఇత్తడి రేడియేటర్లను విప్పి, గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం (రాడ్) చేయించేవారు. ప్లాస్టిక్ తొట్టెలున్న అల్యూమినియం రేడియేటర్లకు చాలావరకు మార్పిడే గతి.

హెడ్ గ్యాస్కెట్. సిలిండర్ హెడ్‌కూ బ్లాకుకూ మధ్య పొర తెగితే మండిన వాయువు కూలెంట్‌లోకి దూరుతుంది. చల్లని ఇంజను స్టార్టు చేసిన వెంటనే హోసులు గట్టిపడటం, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు రావడం, ఆయిల్ మూత కింద పాలమీగడ రంగు జిడ్డు పేరుకోవడం దీని గుర్తులు. రేడియేటర్ మూతి వద్ద గాలిని నీలి రసాయన ద్రవం గుండా లాగే పరీక్ష నమ్మదగినది. పెట్రోలు ఇంజను వాయువు తగిలితే ఆ ద్రవం పసుపుగా, డీజిల్ అయితే ఆకుపచ్చగా మారుతుంది.

స్కానర్ సంకేతాలు. పి0217 అంటే ఇంజను అతిగా వేడెక్కింది, పి0128 అంటే కూలెంట్ తగిన వేడికి రావడం లేదు, పి0480 అంటే ఫ్యాన్ నియంత్రణ వలయంలో లోపం, పి0117, పి0118 ఉష్ణోగ్రత సెన్సరు వలయానివి. సంకేతం దారి చూపుతుంది, లోపమున్న భాగాన్ని తేల్చదు.

పొరబడే లక్షణాలు

శీతకాలంలో లంబసింగి, అరకు ప్రాంతాల్లో తెల్లవారుజామున ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. అప్పుడు ప్రతి బండి సైలెన్సర్ నుంచీ తెల్లటి ఆవిరి వస్తుంది. అది పొగలోని తేమ చల్లబడి తుంపరగా మారడం మాత్రమే. బండి వేడెక్కాక ఆగిపోతుంది. ఆగకుండా వస్తూ, తీపి వాసన ఉండి, కూలెంట్ తగ్గుతుంటేనే గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఎక్కుడులో కాలిన వాసన వస్తే చాలాసార్లు అది క్లచ్ పలకది. మలుపుల్లో సగం క్లచ్ మీద బండిని నిలిపితే ఇలా కాలుతుంది. దిగుడులో వస్తే బ్రేకులది.

ఉష్ణోగ్రత ముల్లును పూర్తిగా నమ్మకూడదు. కూలెంట్ పూర్తిగా పోతే సెన్సరు ద్రవంలో కాక ఆవిరిలో ఉండి తక్కువ చూపవచ్చు. చాలా చిన్న కార్లలో ముల్లే ఉండదు, ఎర్ర దీపం ఒక్కటే. అది వెలిగేటప్పటికి వ్యవధి తక్కువ ఉంటుంది.

నీళ్లు, కూలెంట్

వట్టి నీరు వేడిని బాగా మోస్తుంది. ఒక కిలో నీరు ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 4.2 కిలోజౌళ్లు తీసుకుంటే, ఇథిలీన్ గ్లైకాల్, నీరు సగం సగం కలిపిన ద్రవం 3.3 దరిదాపుల్లోనే తీసుకుంటుంది. అయినా ఆ మిశ్రమమే మేలు. సాధారణ పీడనంలో 107 డిగ్రీల దాకా మరగదు, తుప్పును ఆపే రసాయనాలు అందులో ఉంటాయి, చలికి గడ్డకట్టదు. గ్లైకాల్ విషం. తీయగా ఉండటం వల్ల పశువులు, కుక్కలు నాకుతాయి కాబట్టి పాత కూలెంట్‌ను గెడ్డల్లో (కొండవాగుల్లో), రోడ్డు పక్క పారబోయకూడదు.

ఆపదలో గెడ్డ నీరు పోయవచ్చు. అందులోని ఇసుక, మట్టి గొట్టాల్లో చేరుతుంది. బొర్రా గుహలు సున్నపురాతిలో ఏర్పడ్డాయి. అటువంటి రాళ్లలో పారిన నీటిలో కరిగిన సున్నం ఉంటుంది, ఇంజను వేడికి అది పొరగా దిగుతుంది. ఇలా పోసిన నీటిని మైదానానికి దిగిన వెంటనే తీసేసి, వ్యవస్థను కడిగి, గాలి బుడగలు మిగలకుండా సరైన కూలెంట్ నింపించాలి.

దారిలో చేయవలసినది

ముల్లు పెరుగుతున్నట్టు కనిపించగానే ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తి వేడికి, పూర్తి గాలికి పెట్టాలి. హీటర్ కోర్ ఒక చిన్న రేడియేటర్‌లా కొంత వేడిని లాగేస్తుంది. గేరు తగ్గించాలి. మూడో గేరులో ఇంజను గునుస్తుంటే పంపు నెమ్మదిగా తిరుగుతుంది, భారం మాత్రం నిండా ఉంటుంది. రెండో గేరులో పంపు వేగం పెరుగుతుంది. అయినా తగ్గకపోతే మలుపు కాని చోట, రోడ్డు పక్క ఖాళీలో ఆపి, చక్రాలకు రాయి పెట్టాలి. ఆవిరి రాకుండా కేవలం ముల్లు పెరిగి ఉంటే, ఫ్యాన్ తిరుగుతుంటే కొన్ని నిమిషాలు ఇంజను ఐడిల్‌లో ఉంచవచ్చు. ఆవిరి వస్తున్నా, కూలెంట్ కారుతున్నా వెంటనే ఆపాలి.

వేడి రేడియేటర్ మూత తెరవడం ఒళ్లు కాల్చుకోవడమే. పీడనం పోగానే లోపలి ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం అరగంట ఆగి, పైహోసు నొక్కితే మెత్తగా ఉన్నాక, మందపు గుడ్డ వేసి మొదటి మెట్టు దాకా తిప్పి ఆవిరి పోనివ్వాలి. కాగుతున్న ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగలవచ్చు.

పర్యవసానాలు

అతిగా వేడెక్కిన అల్యూమినియం హెడ్ వంగుతుంది. చాలా ఇంజన్లలో 0.05 నుంచి 0.1 మిల్లీమీటరుకు మించిన వంపును అనుమతించరు. అది దాటితే గ్యాస్కెట్ పట్టదు, హెడ్‌ను మర పట్టించాలి. ఇంకా నడిపితే పిస్టన్లు సిలిండర్‌లో పట్టేస్తాయి, దీన్నే ఇంజను సీజ్ అవడం అంటారు. వందల రూపాయల్లో దొరికే మూత, వేలల్లో అయ్యే రేడియేటర్ పని వదిలేసినందుకు చివరికి ఇంజను మొత్తం విప్పాల్సి వస్తుంది. ఒకే వరుస రోడ్డున్న మలుపులో ఒక బండి ఆగితే వెనుక బస్సులు, సరుకు వ్యాన్లు, ఆసుపత్రికి వెళ్లే అంబులెన్సు కూడా ఆగుతాయి. అందువల్ల ఇది బండి యజమాని ఒక్కడి ఇబ్బందిగా మిగలదు.

మూత రబ్బరు, రేడియేటర్ మట్టం, బెల్టు బిగువు, హోసులు, ఫ్యాన్ చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఆ పని విశాఖలో బయల్దేరే ముందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చేయాలి. శృంగవరపుకోటలో ఆపి చూద్దామనుకుంటే అప్పటికే మూత తెరవడానికి వీలులేనంత వేడిగా ఉంటుంది.